సారు సంతకం

ఆ సెలవు రోజు పొద్దున టీచరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దడం. సగం కట్ట అయిపోతే మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చవచ్చని ఆశ. మాటల విషయంలో ఆవిడ పట్టింపు మనిషి. ఒక మాట రాయాల్సిన చోట దాని పక్క మాట రాస్తే ఎర్ర గీత పడాల్సిందే. అలాంటి మనిషి, భర్త పోయిన ఈ నెల రోజుల్లో "చనిపోయారు" అన్న మాట ఒక్కసారి కూడా పైకి అనలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ విషయం ముందే తెలుసు కాబట్టి అనవలసిన అవసరమూ రాలేదు.

ఆ వేళ బెల్లు కొట్టిన కొరియర్ అతనికి మాత్రం తెలియదు. చేతిలో చదరంగా, బరువుగా ఒక అట్టపెట్టె ఉంది.

"సారున్నారాండీ?"

"లేరు."

"ఎప్పుడొస్తారు?"

"రారు."

"ఊరెళ్ళారా?"

టీచరమ్మ గడప పట్టుకుని ఆలోచించింది. "వెళ్ళిపోయారు" అంది.

అతను కాసేపు చెప్పులకేసి చూసుకున్నాడు. ఖరీదైన సరుకని, సారే గుర్తింపు కార్డు చూపించి సంతకం పెట్టాలని, లేకపోతే సాయంత్రం లోపల ఆఫీసులో మాట్లాడుకోవాలని, రేపు పొద్దున వెనక్కి పంపేస్తారని నెమ్మదిగా చెప్పి పెట్టె పట్టుకుపోయాడు.

పెట్టెలో ఏముందో ఆవిడకు తెలుసు. అరవైల్లో కుర్రకారుని ఊపేసిన పాటల ఎల్పీ, అంటే గ్రామఫోను ప్లేటు. రేడియోలు బాగుచేసే ఆవిడ భర్త, తన దగ్గరున్న ప్లేటు అరిగి గరగరమంటుంటే, కొత్తగా అచ్చువేస్తున్నారని తెలిసి ముందే డబ్బు కట్టాడు. పాటలతో పాటు, పాటగాడు రిహార్సల్లో తప్పులు పాడి నాలుక కరుచుకున్నవి కూడా ఇంకో ప్లేటు మీద వేశారట. లెక్కగా కొన్నే వేశారు. పోతే మళ్ళీ దొరకదు. ఆస్పత్రిలో ఆవిడ లోపలికి అడుగు పెట్టగానే ఆయన ముందు అడిగింది మందుల గురించి కాదు. "వచ్చిందా?" అని. దారిలో ఉందని ఆవిడ చెప్పేది. ఆ మాటైనా అబద్ధం కాకూడదని ఆవిడ పట్టుదల.

కొరియర్ అతను మెట్లు దిగుతూ, పక్క వాటాలోకి కొత్తగా దిగినావిడ అడిగితే, ఆ ఇంటాయన ఇల్లు వదిలి వెళ్ళిపోయాడట పాపం అని చెప్పాడు. కాసేపటికి ఆ పక్కింటావిడ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మగాళ్ళ సంగతి నాకు తెలీదా టీచరుగారూ. మా ఆయనా ఓసారి పోయాడు. ఒంటి మీది చొక్కా మాసేసరికి వచ్చాడు."

"మా వారు తిరిగొచ్చే చోటికి వెళ్ళలేదండీ."

"అంత దూరమా? తోడెవరైనా ఉన్నారా?"

"ఒక్కరే."

"అదొకటి నయం. బట్టలవీ పట్టుకెళ్ళాడా?"

"ఏమీ పట్టుకెళ్ళలేదు."

"అయితే వస్తాడు" అని ఆవిడ తీర్పు చెప్పేసింది.

టీచరమ్మ నోరు తెరిచింది. అసలు మాట అనకుండానే మూసింది. లేచి మరిదికి ఫోన్ చేసి, పెట్టె సంగతి, సంతకం సంగతి చెప్పింది. "నే చూసుకుంటాగా వదినా, నువ్వు కంగారుపడకు" అన్నాడతను. మరిది చూసుకుంటానన్న పనులన్నీ చివరికి ఎవరో ఒకరు చూసుకోవలసి వచ్చేవి. అందుకని ఆవిడే బయల్దేరింది. ఆడమనిషిని ఒంటరిగా చూస్తే ఆటాడిస్తారని పక్కింటావిడా వెంట పడింది.

కొరియర్ ఆఫీసులో కౌంటరు గుమాస్తా కంప్యూటరు చూసి తలూపాడు. "కూర్చోండి మేడమ్. సారు ఇందాకే ఫోన్ చేశారు. బయల్దేరి వస్తున్నానన్నారు."

టీచరమ్మ తలుపు వైపు చూసింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఆవిడకు అంతా సాధ్యంగానే తోచింది.

తర్వాత గుమాస్తా వైపు తిరిగి, పాఠం చెప్పినంత స్పష్టంగా అంది. "ఆయన చనిపోయారు."

సరిగ్గా అప్పుడే మరిది, అన్నగారి కళ్ళజోడు పెట్టుకుని, అన్నగారి కార్డు పట్టుకుని లోపలికొచ్చాడు. ఆ అద్దాల్లోంచి అతనికి కౌంటరు తప్ప మరేమీ కనబడినట్టు లేదు. "ఫోన్ చేసింది నేనేనండీ. పెట్టె ఇచ్చేయండి."

గుమాస్తా కుర్చీ వెనక్కి జరిపాడు. పక్కింటావిడ మాత్రం ముందుకు దూకి మరిది కాలరు పట్టుకుంది. "సిగ్గుందా? పాటల పెట్టె కోసం వచ్చావు గానీ, పెళ్ళాం కోసం రావాలనిపించలేదూ? నీలాంటి మొగుడు చచ్చాడనుకుంటేనే నయమని ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?"

మరిది కళ్ళజోడు కింద పడింది. "వదినా" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"అతన్ని వదలండమ్మా. ఇతను మా మరిది. మా వారు పోయిన నెల చనిపోయారు."

రెండోసారి అనడం తేలికవుతుందని ఎవరో చెప్పగా విన్నది. తేలిక కాలేదు. పక్కింటావిడ చేతిలో కాలరు జారిపోయింది. వంగి కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. ఎంతసేపు తుడిచినా ఆవిడకు తృప్తి కలగలేదు.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మీరు మొదట్లోనే ఊళ్ళో లేరని అని ఉంటే భార్యగా మీరే సంతకం పెట్టి తీసుకెళ్ళేవారు. చనిపోయినవాళ్ళ పార్సెలైతే వెనక్కే పంపాలి. రూలు."

అతను పెన్ను తీసి, తలెత్తకుండా అడిగాడు. "సారు ఇంట్లో లేరు అని రాసుకోనా?"

టీచరమ్మ ఆ వాక్యాన్ని మనసులో ఒకసారి దిద్ది చూసుకుంది.

"రాయండి. తప్పు లేదు."

ఆ సాయంత్రం పేపర్ల కట్ట అలాగే ఉంది. మరిది ప్లేయరు సర్దిపెట్టి, సూది ఆనించి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గరగర లేదు. పాటగాడు నిన్న పాడినంత తాజాగా పాడాడు. తప్పులు పాడి నవ్విన ప్లేటు కూడా టీచరమ్మ రెండు వైపులా, చివరిదాకా, కదలకుండా కూర్చుని వింది.

ఆ పాటగాడి గొంతంటే ఆవిడకు పెళ్ళయిన నాటి నుంచీ గిట్టదు.