ఆనేకల్ ఎస్టేట్ వారి పాత వైన్

శనివారం పొద్దున షారోన్ పథకం చిన్నదే. మేనేజర్ దామోదర్‌కూ టీమ్ వాళ్ళకూ ఇంట్లో బిర్యానీ పెట్టి, సాయంత్రంలోగా మళ్ళీ బెంగళూరులోని బెళ్ళందూరుకు సాగనంపాలి. మిద్దె మీదికి మాత్రం ఎవర్నీ ఎక్కనివ్వకూడదు.

తప్పు క్రిస్మస్‌కు జరిగింది. అమ్మ మార్త చర్చి కోసం పెట్టే ద్రాక్ష వైన్‌ని ఆఫీసులో పంచుతూ, షారోన్ సరదాకి సీసాల మీద లేబుల్ అంటించింది: "ఫ్యామిలీ ఎస్టేట్, ఆనేకల్. పన్నెండేళ్ళు మాగిన సంప్రదాయ రెడ్ వైన్." ఎస్టేట్ అంటే మిద్దె మీద పందిరికి పాకిన ఒకే ఒక్క తీగ. పన్నెండేళ్ళంటే పన్నెండు వారాలు. సరదా అని చెప్పేలోపే దామోదర్ ఒక సీసాను తన పై అధికారి వీపీకి ఇచ్చేశాడు. ఇక చెప్పలేకపోయింది. ఇప్పుడు ఆ ఎస్టేట్ చూస్తామని టీమంతా ఇంటికొచ్చింది.

"ముందు ఎస్టేట్ టూర్ చేద్దాం షారోన్. వీపీకి ఫొటోలు ప్రామిస్ చేశా," అన్నాడు దామోదర్, బూట్లయినా విప్పకుండా.

"ముందు కొంచెం టేస్ట్ చేయండి."

అమ్మ కోడి కోసం బజారుకు వెళ్ళింది. వంటింట్లో వైన్ జాడీ ఉంది. "ఎన్ని ఎకరాలు?" అని ఒకరు అడిగితే షారోన్ గ్లాసు నింపింది. "బ్యారెల్స్ ఎక్కడ పెడతారు?" అంటే ఇంకోటి నింపింది. చివరికి అడిగేవాళ్ళు సోఫాలో ఒరిగిపోయారు. జాడీ అడుగు కనిపించింది.

అప్పుడే మార్త వచ్చింది. వెనకే ఖాళీ సీసాతో పాస్టర్ ప్రభుదాసు గారు. మర్నాడు చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన, అందులో రొట్టెతో పాటు సంఘానికి పంచే వైన్ పట్టుకెళ్ళాలి.

మార్త జాడీ మూత తీసింది. "ఏమే, బల్లకని ఎత్తిపెట్టింది యాడికి పోయినాది?"

షారోన్ లేబుల్‌తో మొదలుపెట్టి అంతా చెప్పేసింది.

"ఒక్క తీగా?" అన్నాడు దామోదర్, గ్లాసు వైపు చూస్తూ. "వీపీకి వైన్‌యార్డ్ అని మెయిల్ పెట్టేశానే."

మార్త అతన్ని పట్టించుకోలేదు. "ఇన్నేండ్లుగా బల్లకు నా చేతి వైనే పోతా ఉండాది. రేపు సంఘం ముందర మొగం ఎట్లా చూపించేదే?" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ కళ్ళు చూడటం కన్నా ఉద్యోగం పోయినా నయమే అనిపించింది షారోన్‌కు.

పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "ఏడవద్దు మార్తమ్మా. బల్లకు ఇబ్బందేమీ లేదు. మీ వైన్ కొంచెం గట్టిగా ఉండాదని పెద్దలు అన్నారు. మూడేండ్లుగా అంగట్లో ద్రాక్షరసమే వాడతా ఉండాము. మీకు చెప్పే ధైర్యం లేకపోయింది."

మార్త కొంగు దించింది. "మరి నెలనెలా సీసా నింపుకొని పోతా ఉండారు కదా అయ్యగారూ?"

పాస్టర్ గారు ఖాళీ సీసాను మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నారు.

మర్నాడు దొంగతనం గురించి చెప్పాల్సిన ప్రసంగాన్ని ఆయన క్షమాపణ మీదికి మార్చుకున్నారు.