షెడ్డులో పెరిగిన ట్రక్కు

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడే చెబుతాను. సరే, వద్దులెండి, నవ్వండి. మా వీధి వీధంతా నవ్వింది, మీరు మాత్రం మిగిలిపోవడం ఎందుకు?

నేను బళ్ళో పనిచేస్తాను. అంటే బడిలో. భూగోళం చెబుతాను. బళ్ళతో, అంటే చక్రాలుండే వాటితో, మొన్నటిదాకా నాకే సంబంధమూ లేదు.

మా ఆవిడది పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటరు. పొట్లం చేతిలోకి తీసుకుందంటే చాలు, త్రాసు కంటే ముందే బరువు చెప్పేస్తుంది. నన్ను కూడా పన్నెండేళ్ళ కిందట పెళ్ళిచూపుల్లోనే తూచేసింది. ఆ తూకంలో ఇప్పటికీ తేడా రాలేదు.

ఈ పన్నెండేళ్ళలో మేమిద్దరమే కలిసి చేసిన అతి దూరప్రయాణం ఇంటి నుంచి కరెంటాఫీసుకి. ఇంకెక్కడికి బయలుదేరినా మా అత్తవారి బలగం వెంట ఉంటుంది. పెద్ద బావగారు చాలా మంచివారు, చాలా వెడల్పయినవారు కూడా. ఆయన సోఫాలో ఓ మూల కూర్చుంటే రెండో మూలనున్నవాళ్ళు ఆయన వైపు జారిపోతారు. ఆయన భార్య ఏ విషయంలోనూ భర్తకు తీసిపోదు. చిన్న బావమరిదికి నేను పెట్టిన పేరు 'కామెంటరీ'. కళ్ళముందు జరుగుతున్నదాన్ని కళ్ళున్నవాళ్ళకే వర్ణించి చెబుతాడు. ఇక మా అత్తగారు. ఆవిడెక్కిన బండి కిటికీ తెరిచినా తప్పే, మూసినా తప్పే.

అందుకని నాకో ఆలోచన వచ్చింది. ఇద్దరికి మాత్రమే చోటున్న బండి ఉంటే?

అలా మా ఇంటికి ట్రక్కు వచ్చింది. రాళ్ళ క్వారీలో ఇరవై ఏళ్ళు పనిచేసి రిటైరైన బండి. ముందు రెండు సీట్లు, వెనక సామాన్ల తొట్టి. తొట్టి నిండా గుడారం, నీళ్ళ డబ్బా, అదనపు టైర్లు వేసేస్తే ఇక దోమ కూడా ఎక్కలేదు. సెలవులు మొదలవగానే మా ఆవిడని కొండ మీదికి తీసుకెళ్ళిపోవాలని నా పథకం. అప్పటిదాకా రహస్యం.

"ఏమిటండీ ఇది?" అంది మా ఆవిడ.

"డ్రాయింగు మాస్టారి బండి. ఒక్క వారం మన షెడ్డులో పెట్టుకుంటానన్నాడు."

"ఏం, వాళ్ళింట్లో చెత్తకుండీ లేదా?"

"అలా అనకు. ఇది ఫోర్ వీల్ డ్రైవు. నాలుగు చక్రాలూ లాగుతాయి."

"మిగతా బళ్ళకి?"

"రెండే లాగుతాయి."

"మిగతా రెండూ మీలా ఊరికే వెంట తిరుగుతాయన్నమాట."

నేను పట్టించుకోలేదు. "రోడ్డు లేనిచోట కూడా పోతుందిది."

"రోడ్డున్నచోటికే దిక్కులేదు మనకి," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచే మరమ్మతు మొదలుపెట్టాను. మెకానిక్ పేరు ఎవరికీ తెలియదు. ఏ పని చెప్పినా 'రేపు' అంటాడు కాబట్టి అందరూ 'రేపు మేస్త్రీ' అనే పిలుస్తారు. అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, దాని నడుం మీద చెయ్యేసి, "కొండెక్కాలంటే ఇది లేవాలి సార్. పాత కమానులు తీసేసి ఎత్తు కమానులు వేస్తా. పెద్ద టైర్లు వేస్తా. ఆరంగుళాలు లేపుతా," అన్నాడు.

"ఎప్పుడు లేపుతావు?"

"రేపు లేపుతా."

కమానులంటే బండి కిందుండే ఇనుప పట్టీల కట్టలు. బరువంతా వాటి మీదే ఆగుతుంది. మేస్త్రీ వాటి పనిలో ఉంటే, ఇంజను పని నేను తీసుకున్నాను. ఓ పుస్తకం ముందు పెట్టుకుని విప్పడం మొదలెట్టాను. విప్పడం నాకు బాగా వచ్చిందనే చెప్పాలి.

"ఏవండీ! కుక్కర్లో ఏమిటిది?"

"కార్బురేటర్. వేడినీళ్ళలో నానితే మురికి పోతుందట."

"ఎన్ని విజిల్స్ రావాలి?"

తిరిగి బిగించేసరికి పదకొండు బోల్టులు మిగిలాయి. కంగారుపడి మేస్త్రీకి చూపించాను. "కంపెనీవాళ్ళు ఎప్పుడూ నాలుగు ఎక్కువే వేస్తారు సార్," అని అవి జేబులో వేసుకున్నాడు. అతని మాట నిజమే కాబోలు, ఇంజను స్టార్టయింది. షెడ్డు పైనున్న గదిలో మా అమ్మ ఉంటుంది. మొదటిసారి ఆ మోత వినగానే కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరేయ్, భూకంపం పాఠం ఇంట్లో చెబుతున్నావా?" అని అడిగింది.

మూడు వారాలు గడిచాయి.

"డ్రాయింగు మాస్టారి వారం ఇంకా అవలేదా?" అంది మా ఆవిడ.

"ఆయన వారం కొంచెం పెద్దది," అన్నాను.

ఆవిడ టేపు చేతిలో పట్టుకుని షెడ్డులోంచి బయటికి రావడం ఆ రోజే చూశాను. కర్టెన్ల కోసమనుకున్నాను. షెడ్డుకి కర్టెన్లేమిటన్న ఆలోచన నాకు రాలేదు.

చివరిగా తొట్టి మీద గుడారం నిలబెట్టడానికి ఇనుప చట్రం వెల్డింగు చేయించాను. ఆకుపచ్చ రంగు వేశాను, కొంత బండికి, కొంత నాకు. మేస్త్రీ పని ముగించుకుని పది రోజులకని వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. సెలవులు మొదలయ్యాయి. ఆ ఉదయం కొత్త చొక్కా తొడుక్కుని, గుడారం, నీళ్ళ డబ్బా, అదనపు టైర్లు ఎక్కించి, మా ఆవిడని పిలిచి వాకిట్లో నిలబెట్టి, "చూస్తూ ఉండు!" అని బండి వెనక్కి నడిపాను.

ధణ్!

ఇనుప చట్రం షెడ్డు గుమ్మం మీది దూలానికి తగిలింది. పైనుంచి సున్నం నా కొత్త చొక్కా మీద రాలింది.

అప్పుడర్థమైంది నాకు. లోపలికి వచ్చినప్పుడు బండి పొట్టిది. లోపలున్నన్నాళ్ళూ దాన్ని మేపి పెంచింది నేను. పిల్లి సీసాలో తల పెట్టినట్టు అది షెడ్డులో ఇరుక్కుపోయింది.

టైర్లలో గాలి తీశాను. కొంత దిగింది. చట్రానికీ దూలానికీ ఇంకా రెండంగుళాల పేచీ. వెల్డింగాయన్ని పిలిస్తే చట్రం ఊడదన్నాడు. "నా చేతి అతుకండీ, ప్రళయం వచ్చినా ఉంటుంది. కావాలంటే దూలం కోసిస్తా."

పైనుంచి మా అమ్మ, "నన్ను కిందికి దింపాలనుంటే మెట్లున్నాయిరా," అంది.

మా ఆవిడ చేతులు కట్టుకుని ప్రశాంతంగా నిలబడింది. "మనకెందుకండీ తలనొప్పి? డ్రాయింగు మాస్టార్ని పిలవండి. ఆయన బండేగా."

గాలి తీసిన టైర్లకీ నాకూ పెద్ద తేడా లేదు.

"అది... నాదే," అన్నాను.

"తెలుసు. కాగితాలు మీ పేరు మీద రిజిస్టరు పోస్టులో వచ్చాయి. నా పక్క కౌంటరుకే. ట్రక్కు పేరు చెప్పి టక్కు చేస్తున్నారని ఆ రోజే అనుకున్నా. ఎందుకో మాత్రం అర్థం కాలేదు."

ఇక దాచి లాభం లేదనిపించింది. "మనిద్దరమే... ఒక్కసారైనా... ఎక్కడికైనా వెళదామని. ఇంకెవరూ ఎక్కలేని బండైతే..."

ఆవిడ నా చొక్కా మీది సున్నం మెల్లగా దులిపింది.

"ఆ ముక్క నోటితో అడగొచ్చుగా. దానికి నాలుగు చక్రాలెందుకు?"

పన్నెండేళ్ళలో ఈ సంగతి నాకు తట్టలేదంటే మీరు నమ్మాలి.

"ఇప్పుడేం చెయ్యడం?" అన్నాను.

"తొట్టిలో బరువు పెడితే కమానులు కుంగుతాయి, చట్రం దిగుతుంది. మూడువందల డెబ్బై కిలోలు కావాలి."

"అంత బరువు ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతుంది?"

ఆ మాట నా నోట్లో ఉండగానే వీధి మొదట్లో ఓ టాక్సీ ఆగింది. ముందు అది బాగా కిందికి కుంగి ఉంది. పెద్ద బావగారు దిగారు, కొంచెం లేచింది. ఆయన భార్య దిగింది, ఇంకా లేచింది. కామెంటరీ, అత్తగారు దిగేసరికి మామూలు టాక్సీ అయింది. నలుగురి చేతుల్లోనూ పెద్ద పెద్ద బట్టల సంచులు.

"వీళ్ళెలా వచ్చారు?"

"నేనే రమ్మన్నా, పదిరోజుల కిందట. పెద్ద టైర్లు వేసిన రోజే షెడ్డు గుమ్మం కొలిచి పెట్టుకున్నా. చట్రం లేవగానే బయటికి రాదని తెలిసిపోయింది."

"మరి నాకు చెప్పొద్దూ?"

"డ్రాయింగు మాస్టారి బండన్నారుగా. ఆయన చూసుకుంటాడులే అనుకున్నా."

"ఆ సంచులెందుకు?"

"బరువుకి," అంది. నేను నమ్మాను.

గుడారం, డబ్బా, అదనపు టైర్లు దింపించింది. అవి తేలికట, పైగా చోటు దండగ. బావగారు తొట్టిలోకి కాలు పెట్టగానే బండి 'అమ్మా' అన్నట్టు మూలిగింది. ఆయన భార్య ఎక్కింది. కామెంటరీ ఎక్కుతూనే మొదలెట్టాడు, "ఇప్పుడు నేను ఎక్కుతున్నాను. ఎక్కేశాను. చట్రం దిగుతోంది. దూలం చూస్తోంది." అత్తగారికి నడుంనొప్పి, తొట్టిలో కూర్చోలేరు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని కిటికీ తెరవమన్నారు.

"అమ్మ ముందు కూర్చుంది కాబట్టి ఇంకా డెబ్బై కిలోలు తక్కువ," అంది మా ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూస్తూ. "మీరు డెబ్బై నాలుగు. ఎక్కండి."

"నేనెక్కితే నడిపేదెవరు?"

"నేను."

"నీకు వచ్చా?"

"టపా వ్యాను డ్రైవరు నేర్పి నాలుగేళ్ళయింది. మీరెప్పుడూ అడగలేదుగా."

వెనకెక్కాను. బావగారి వైపు జారిపోయాను. మా ఆవిడ గేరు వేసింది. అందరం తలలు వంచుకున్నాం. చట్రానికీ దూలానికీ మధ్య ఓ పోస్టుకార్డు పట్టేంత సందుతో బండి బయటికి వచ్చింది. వీధి గేటు పైన ఇంకో కమాను ఉంది, ఇటుకలది. కింది కమానులు కుంగబట్టి పై కమాను బతికిపోయింది. వీధివీధంతా చప్పట్లు కొట్టింది. పంపు తెచ్చి టైర్లకి గాలి కూడా వాళ్ళే కొట్టారు.

"ఇంక దిగండి బావగారూ," అన్నాను సంతోషంగా.

"దిగడమేమిటి బావా? సామాన్లు ఎక్కించేశాంగా!"

"బావ మొహం పాలిపోయింది," అన్నాడు కామెంటరీ. "ఇప్పుడు సున్నం రంగుకి వచ్చింది."

బండి కదిలిపోయింది. రెండు గంటలసేపు నేను సంచికీ బావగారికీ మధ్య మూడో సంచిలా ప్రయాణం చేశాను. ముందు నుంచి అత్తగారు కిటికీ మూయమనడం, తెరవమనడం వినిపిస్తూనే ఉంది.

కొండ మొదట్లో ఓ పెంకుటింటి ముందు మా ఆవిడ బండి ఆపింది. "అన్నయ్యా, పిన్నిగారిల్లు వచ్చింది. రెండ్రోజులు మీరంతా ఇక్కడే. కొండ మీద గది ఇద్దరికే దొరికింది."

నలుగురూ సంచులతో సహా దిగిపోయారు. తొట్టి ఒక్కసారి పైకి లేచింది, దానితోపాటు నేనూ.

"ముందుకు రండి," అంది మా ఆవిడ, పక్క సీటు దులుపుతూ.

వచ్చి కూర్చున్నాను. బండి కొండెక్కుతోంది. రోడ్డు పోయి మట్టిబాట వచ్చింది, మట్టిబాట పోయి రాళ్ళొచ్చాయి. నాలుగు చక్రాలూ లాగుతున్నాయి. ఇద్దరమే. నేను అలా మురిసిపోతూ ఉండగా ఓ అనుమానం వచ్చింది.

"ఏమోయ్, తిరిగి వెళ్ళాక దీన్ని షెడ్డులోకి ఎక్కించడం ఎలా?"

"కింద దించినవాళ్ళని ఎక్కించుకుని వెళ్తే సరి."

"అదీ నిజమే. బండి లోపల పెట్టేసి, వాళ్ళని టాక్సీ ఎక్కించేద్దాం."

"పంపేస్తే మళ్ళీ బయటికి తీసేదెలా?" అంది మా ఆవిడ ఓ పెద్ద రాయిని ఒడుపుగా తప్పిస్తూ. "అందుకే సెలవులన్నాళ్ళూ మనింట్లోనే ఉండమన్నాను. పాపం, వెంటనే ఒప్పుకున్నారు."

"సెలవులెన్నాళ్ళు?" అన్నాను నీరసంగా.

"బడి మీది. నన్నడుగుతారేం?" అని గేరు మార్చింది.