వణుకు ధ్రువపత్రం

సైన్స్ ఫిక్షన్ సినిమాల్లోని భూతాలు ఏటా నవంబరులో ఏలూరు వచ్చి, తమను చూసి జనం ఇంకా భయపడుతున్నట్టు సర్టిఫికెట్ తీసుకుంటాయి. పింఛనుదారులు బతికే ఉన్నామని చూపించుకుంటారే, అలాంటిదే ఇదీను. నెలాఖరులోగా కాగితం చేతికి రాని భూతం ముందు రీలులోంచి, ఆ తర్వాత లోకంలోంచి చెరిగిపోతుంది. పద్ధతి సులువే. ఎవరో ఒక మనిషి నీళ్ళు నింపిన ఇత్తడి పళ్ళెం పట్టుకుని కౌంటరు ముందు నిలబడి భూతాన్ని చూడాలి. నీళ్ళు తొణికి కింద పడితే భయం ఉన్నట్టే లెక్క.

ఏ కాలం భయం ఆ కాలానికి తగ్గ భూతాన్ని కంటుంది. అందుకని ఆఫీసులో బీరువాలన్నీ కాలాల వారీగా ఉన్నాయి. బాంబు పడుతుందని జనం బిక్కచచ్చిన రోజుల్లో పుట్టిన పొగ రాక్షసుడిది మొదటి బీరువా. యంత్రాలొచ్చి నోటికాడ కూడు లాక్కుంటాయని హడలిన రోజుల్లో పుట్టిన ఇనపమనిషిది నాలుగోది. అయితే నిజమైపోయిన భయాన్ని ఈ ఆఫీసు ఉంచుకోదు, సౌకర్యాల శాఖకు బదిలీ చేసేస్తుంది. ఇనపమనిషికి అలాగే ఓ బ్యాంకులో పోస్టింగు దొరికింది. వచ్చినవాళ్ళకి నమస్కారం కూడా పెడుతున్నాడట. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, నాలుగు రోజులు తిట్టుకుని అయిదో రోజు వరుసలో నిలబడతారు.

ఓ ఏడు ఆఖరి రోజు మధ్యాహ్నం నూరుకళ్ళ భూతం వచ్చింది. ఎవరు వింటారో, ఎవరు పట్టిస్తారోనని జనం సొంత ఇంట్లోనే గుసగుసలాడుకున్న రోజుల్లో తీసిన సినిమాలోది అది. ఆకాశంలో నిలబడి ఇంటింటినీ చూడటమే దాని పని. దానికి ఏటా వణికిపెట్టే మనిషి పంపన వరహాలమ్మ. ఏడేళ్ళప్పుడు టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని దాన్ని చూసి వారం రోజులు జ్వరపడింది. అప్పట్నుంచీ ఆ భయాన్ని నమ్మకంగా కాపాడుకొచ్చింది.

ఆ ఏడు వరహాలమ్మకీ ఓ పని పడింది. గిన్నెలు తోమీ తోమీ ఆమె వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. కంటికి శుక్లాల ఆపరేషనయ్యాక రేషను షాపు మిషను ఆమె కళ్ళనీ గుర్తుపట్టడం మానేసింది. నాలుగు నెలలుగా బియ్యం లేవు. ఆమె ఆమేనని చిన్ననాటి నుంచీ ఎరిగినవాళ్ళు ఎవరైనా ఈ ఆఫీసులోనే సాక్ష్యం చెప్పాలట. మొగుడు పోయాడు, తోడబుట్టినవాళ్ళు పోయారు. మిగిలింది నూరుకళ్ళ భూతం ఒక్కటే.

"నన్ను ఏడేళ్ళప్పుడు చూసింది గదండీ, దాన్నే అడగండి బాబూ," అంది వరహాలమ్మ.

కౌంటరులో గుమాస్తా కంతేటి భాస్కరం భూతం వైపు చూశాడు.

"పచ్చ పరికిణీ, రెండు జడలు," అంది భూతం. "మూడో వరుసలో కూర్చుని తాటితాండ్ర తింటోంది. నన్ను చూసి తాండ్ర కింద పడేసుకుంది. ఈమె వరహాలమ్మే."

"ఆ తాండ్ర ఇంకా గుర్తుందటే నీకు!" అని వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది.

"బాగానే ఉందండి. కానీ తమరి నిరుటి సర్టిఫికెట్టుకి గడువైపోయింది, సాక్ష్యం చెల్లదు," అన్నాడు భాస్కరం. "ముందు ఆవిడ తమర్ని చూసి వణకాలి. తర్వాత తమరు ఆవిణ్ణి గుర్తుపట్టాలి."

వరహాలమ్మ పళ్ళెం పట్టుకుంది. భూతం నూరు కళ్ళూ ఒక్కసారే తెరిచింది. చుక్క కూడా తొణకలేదు.

"రాటంలేదు బాబూ," అందామె సిగ్గుపడుతూ. "వీధి చివరో కన్ను, బస్సులో కన్ను, గుళ్ళో చెప్పులకాడ కన్ను. అలవాటైపోయింది. అయినా ఇది నన్ను గుర్తుపట్టింది గదా. గుర్తుపట్టినోళ్ళని చూస్తే భయమెందుకేస్తాది?"

బియ్యం గుర్తొచ్చి కావాలని చేతులు ఊపింది. భాస్కరం తల అడ్డంగా తిప్పాడు. దొంగ వణుకు రాస్తే అతని ఉద్యోగం పోతుంది.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా!" అంది వరహాలమ్మ. భాస్కరం చెడ్డవాడు కాదు. తన టీ ఆమెకే ఇచ్చాడు. చెడ్డవాడైతే తిట్టుకునైనా ఊరుకునేవాళ్ళం.

అయిదయింది. కౌంటరు మూసే ముందు, ఎదురుగా ఇంకెవరైనా ఉన్నారేమో కిటికీ పైనున్న గాజుకన్ను చూసి చెప్పాలని రూలు. అది, పళ్ళెం ఇంకా పట్టుకునే ఉన్న వరహాలమ్మ మొహంలోకి వంగి చూసింది. తెర మీద పడ్డ అక్షరాల్ని భాస్కరం పైకి చదివాడు.

"కౌంటరు దగ్గర ఎవరూ లేరు."

"నేనున్నాను గదయ్యా!"

గాజుకన్ను మళ్ళీ చూసింది. "ఎవరూ లేరు," అని భాస్కరం మళ్ళీ చదివి, తలుపు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వణికింది వరహాలమ్మ. నీళ్ళు ఆమె పాదాల మీద పడ్డాయి. "వచ్చింది, వచ్చింది!" అని భాస్కరం నిజంగానే సంతోషపడి ఫారం తీశాడు. అప్పటికే పక్కనున్న మిషనులోంచి సర్టిఫికెట్ బయటికొచ్చేసింది. వణికేటప్పుడు ఆమె చూస్తున్నది గాజుకన్నుని. కాబట్టి అది దాని పేరు మీదే వచ్చింది.

నూరుకళ్ళ భూతం ఒక్కో కన్నే చెరిగిపోసాగింది. ఆఖరి కన్ను పోయేముందు, "ఈమె వరహాలమ్మే," అంది. ఆఫీసు వేళ దాటిపోవడంతో భాస్కరం అది రాసుకోలేదు.

వరహాలమ్మకు ఇప్పటికీ బియ్యం రావడం లేదు. కానీ ప్రతి నవంబరులోనూ ఆఫీసువాళ్ళే కబురుపెడతారు. గాజుకన్నుకి ఏటా సర్టిఫికెట్ కావాలి, ఆమె వణుకేమో నమ్మకమైనది. వణికిందెవరని ఆ ఫారంలో అడగరు. కిందటి నెల ఆమె వెనక వరుస బస్టాండు దాకా ఉంది. గాజుకన్ను ముందు వణకడానికి అందరం ఎవరి పళ్ళెం వాళ్ళమే ఇంటినుంచి తెచ్చుకున్నాం. తోపులాట ఏమీ జరగలేదు.