పసుపు చారల కప్ప రెండోసారి అంతరించిన విధం

ముందే ఒప్పుకుంటున్నాను: జీవజాతుల శాఖ యాప్‌లో 'అంతరించింది' అనే బటన్ పెట్టింది నేనే. నొక్కాక వెనక్కి తీసుకునే బటన్ పెట్టాలని తోచనిదీ నాకే. (పోయినవి తిరిగొస్తాయని ఎవరనుకుంటారు?)

కొండలూ ఎడారులూ చిత్తడి నేలలూ సముద్రమూ అన్నీ ఉన్న దేశంలో ఒక ప్రాణి బతికుందో లేదో తేల్చేది ఊపిరి కాదు, యాప్.

ఆ సంగతి కప్పలక్కకు మంగళవారం తెలిసింది. శాఖలో ఇరవై ఏళ్లుగా కప్పల్ని లెక్కపెడుతున్న ఆవిడ, చేతులు కడుక్కుందామని ఆఫీసు వెనక్కి వెళ్లింది. కారే కుళాయి కింద, గుంటలో, పసుపు చారల కప్ప! పోయినేడాది శాఖ సంతాప సభ పెట్టి మరీ సాగనంపిన జాతి. పక్కనే గుడ్లు కూడా.

ఫొటో ఎక్కించింది. 'ఈ జీవి లేదు. దయచేసి ఉన్న జీవిని చూడండి' అంది యాప్.

లోపలికి పరిగెత్తబోతే గోడ మీద నోటీసు: రేపు కుళాయి మరమ్మతు.

"బాబాయ్, ఆ ప్లంబర్‌ని ఆపు! గుంట ఎండితే గుడ్లు పోతాయి," అంది గుమాస్తాతో. ఆయన ఆఫీసు మొత్తానికీ బాబాయే.

"ఏ గుడ్లు?"

"చారల కప్పవి."

"లేని కప్పకి గుడ్లేంటమ్మా! అయినా కంప్లయింట్ పెట్టింది నువ్వేగా? మూడేళ్లు నా ప్రాణం తోడేశావు, కారుతోంది బాబాయ్, కారుతోంది బాబాయ్ అని."

"బుద్ధి గడ్డి తిని పెట్టాను. రద్దు చెయ్యి."

"కారణం గడిలో జీవి పేరుండాలి. బతికున్నది."

"పోనీ, బకెట్లోకి తీసేస్తా."

"ముట్టుకోవాలంటే పర్మిషన్ కావాలి. లేనిదానికి పర్మిషన్ ఎలా ఇస్తారు, నువ్వే చెప్పు?"

దారి ఒకటే ఉంది: పునరుజ్జీవన దరఖాస్తు. అంతరించిన నాటి నుంచి కప్ప ఎక్కడుందో వివరణ ఇవ్వాలి. ఇద్దరు సాక్షులు కావాలి (అదే జాతివారైతే మేలు). కప్పలక్క మధ్యాహ్నం భోజనం మానేసి పదకొండు పేజీలూ నింపింది. తనిఖీ గురువారమన్నారు.

ప్లంబర్ బుధవారం ఉదయం తొమ్మిదింటికి, చెప్పిన టైముకే వచ్చాడు. శాఖ చరిత్రలో ఇదే మొదటిసారి. పదికల్లా గుంటని సిమెంటుతో పూడ్చేశాడు కూడా.

గురువారం ముగ్గురు సభ్యుల కమిటీ ఆ సిమెంటు మీద నిలబడి కుళాయి తిప్పి, మళ్లీ కట్టేసి చూసింది. చుక్క కారలేదు. కప్ప లేదు, పాత ప్రకటనే సరైనదని రాసి సంతకాలు చేసింది. కప్పలక్క ఫోనుకి మెసేజ్ వచ్చింది: 'మీ ఫిర్యాదు పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని స్టార్లు?'

మీ ఆఫీసులోనూ చెప్పిన టైముకి పూర్తయిన పని ఏదైనా ఉందా? ఉంటే, అంతకుముందు అక్కడ ఏది బతికుండేదో రాసి పంపండి.