పొగ తర్వాత పుట్టిన పిల్ల

బంగారమ్మ గడప పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుతుండగా, ఆ ఇంటి రేషన్ కార్డులో నాలుగో మనిషిగా నమోదై ఉన్న పొగ ఎప్పటిలాగే ఉదయం ఆరున్నరకి గోడ గొట్టంలోంచి దిగి, బీరువా పక్కన తన మూలకి చేరింది. బంగారమ్మ కాళ్ళు కాస్త ముడుచుకుని దారి ఇచ్చింది. బియ్యంలో మట్టిబెడ్డ కనిపిస్తే వేలితో పక్కకి నెట్టింది.

కోడలు సుగుణ లేచి కిటికీ మూసింది. పొగ వచ్చాక కిటికీ తెరిచి ఉంచకూడదు. ఇంట్లో ఉన్నంతసేపే అది ఇంటి పొగ. బయటికి వెళ్తే మళ్ళీ ఫ్యాక్టరీ పొగ అయిపోతుంది. ఉయ్యాల్లో ఎనిమిది నెలల పాప రెండుసార్లు దగ్గింది. సుగుణ తడిబట్ట పిండి ఉయ్యాల మీద కప్పింది.

నీలాటివలసలో నాలుగు వందల పన్నెండు ఇళ్ళున్నాయి. పొగలూ అన్నే ఉన్నాయి. ఊరి పక్కన లోహం కరిగించే ఫ్యాక్టరీ ఉంది. అందులో కరిగిన లోహం మూడు దేశాలకి వెళ్తుంది. మొదటి దేశం వాళ్ళు, ఫ్యాక్టరీ గొట్టం నుంచి పొగ వచ్చే లోహానికి అదనపు పన్ను వేస్తామన్నారు. రెండో దేశం వాళ్ళు, ప్రతి పొగకీ ఒక చిరునామా ఉండాలన్నారు. మూడో దేశం వాళ్ళు పేదల మీద దయతో, ఇళ్ళలో వంట పొగ జోలికి మాత్రం వెళ్ళమన్నారు. ఈ మూడు నిబంధనల్నీ మూడుచోట్ల మంచి మనసుతోనే రాశారు. మూడూ కలిపి చదివింది ఫ్యాక్టరీ ఒక్కటే. ఆ ఏడాదే ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని పడగొట్టి, భూమిలోంచి ఇంటింటికీ సన్న గొట్టాలు వేశారు. ఇప్పుడు ఫ్యాక్టరీ మీద ఆకాశం నీలంగా ఉంటుంది. ఆ ఫొటో ఫ్యాక్టరీ క్యాలెండర్ మీద వేసి ఇంటికొకటి పంచారు.

గొట్టాలు వేసే ముందు సర్వే జరిగింది. అడిగిన ప్రశ్న ఒక్కటే. మీ ఇంట్లో పొగ ఉందా, ఉంటే అది మీదేనా. ఆ వైపు ఊళ్ళలో పొయ్యి వెలగని ఇల్లంటే చావు జరిగిన ఇల్లు. మనిషి పోయిన రోజు ఆ ఇంట్లో పొయ్యి ముట్టించరు, చుట్టుపక్కలవాళ్ళు వండి తెస్తారు. అందుకని పొద్దున్నే గుమ్మంలో నిలబడి మా ఇంట్లో పొగ లేదని ఎవరూ నోటితో అనరు. గ్యాస్ మీద వండుకునేవాళ్ళు కూడా అనరు. బంగారమ్మని అడిగినప్పుడు, "పొగ నేకపోడమేటి బాబూ, సల్లగా ఉన్నాం. మా పొగ మాకున్నాది" అని చెప్పి వేలిముద్ర వేసింది. నాలుగు వందల పన్నెండు ఇళ్ళూ అదే మాట చెప్పాయి. పొగ పుట్టుక, స్వభావం, యజమాని అనే మూడు గడులూ ఆ ఒక్క జవాబుతో నిండిపోయాయి.

తర్వాత నెలలో కార్డులు వచ్చాయి. పొగకి కూడా ఫొటో ఉంది. బూడిదరంగు చదరం. ఫొటోలు తారుమారయ్యాయేమోనని కొందరు సచివాలయానికి వెళ్ళి సరిచూసుకున్నారు. తారుమారు కాలేదని చెప్పి పంపించారు.

అలవాటు పడటానికి ఎక్కువకాలం పట్టలేదు. పక్కింటి రాముడమ్మ బిందెతో వస్తూ వస్తూ గుమ్మం దగ్గర ఆగి అనేది: "మా ఇంట్లో దానికి నా మొగుడి కంటే బుద్ధున్నాది వొదినా. ఏలకి ఒస్తాది, తాగి రాదు, కూర బాగునేదని కంచం ఇసిరీదు."

"మరి దాన్నే ఉంచుకో. ఆడ్ని తోలీ" అనేది బంగారమ్మ.

"ఇద్దర్లో ఎవురు ముందెల్తారో సూస్తన్నాను" అని నవ్వబోయి రాముడమ్మ దగ్గేది.

పొగకి మినహాయింపు ఒక్కటే ఉంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి, ఆ ఇంటి పొగని వంట పొగ అని చూపించడం కుదరదు. పెద్దకర్మ దాకా పదకొండు రోజులు గొట్టం మూసేస్తారు. వీధి చివర కన్నప్పడు తాత పోయినప్పుడు ఈ సంగతి తెలిసింది. ఆ పదకొండు రోజులూ అతని మనవలు దగ్గకుండా నిద్రపోయారు. కోడలు కిటికీలన్నీ తెరిచి పరుపులు ఎండేసింది. పన్నెండో రోజు ఉదయం ఆరున్నరకి పొగ తిరిగి వచ్చింది. అప్పటి నుంచి వీధిలో జబ్బుపడిన ముసలివాళ్ళని అందరూ శ్రద్ధగా పలకరించేవారు. ఎలా ఉందని అడిగి, జవాబు చివరిదాకా వినేవారు. ముసలివాళ్ళు బాగానే ఉన్నామని గబగబా చెప్పేవారు.

ఎండాకాలంలో మొదటి దేశంలో ప్రభుత్వం మారి, పొగ మీద పన్ను ఎత్తేశారు. గొట్టాలు తీసేస్తారని ఊరంతా అనుకుంది. పొగ ఎక్కడున్నా మాకు అభ్యంతరం లేదని ఆ దేశం అంది కాబట్టి పొగ ఉన్నచోటే ఉండిపోయింది. మూడో దేశం తన నిబంధనని రెండేళ్ళు వాయిదా వేసింది. వాయిదా పడిన నిబంధన ప్రకారం జరిగిన పనిని కూడా వాయిదా వేయాలా అన్నది ఎవరూ రాయలేదు. రెండో దేశం మాత్రం నిబంధనని ఇంకాస్త గట్టి చేసింది. చిరునామా ఉన్న పొగతో కలిసి బతికే మనుషుల క్షేమం గురించి ఆ దేశం ఆలోచించింది. పొగ ఉన్న ఇంట్లో తలకి ఇంత గాలి తప్పనిసరి అని తీర్మానించింది.

ఆ కొలతలు తీయడానికి మంగళవారం పొగ పరిశీలకుడు కామేశ్వరరావు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, బంగారమ్మకి నమస్కారం పెట్టి, టేపుతో గోడలు కొలిచాడు. ఇంటి ఎత్తు కొలవడానికి సుగుణ కుర్చీ పట్టుకుంది. దాలినాయుడు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతను బంగారమ్మ కొడుకు, కొలిమి దగ్గర పని.

"నలుగురికి సరిపోయే గాలి ఉంది" అన్నాడు కామేశ్వరరావు. "మీరు అయిదుగురు."

"అయిదుగురెక్కడ బాబూ?" అంది బంగారమ్మ. "నాను, నా కొడుకు, కోడలు, పిల్ల."

కామేశ్వరరావు బీరువా పక్క మూలకి చూసి, కార్డు తీశాడు. "ఒకటి మీరు మామ్మగారూ. రెండు అబ్బాయి. మూడు అమ్మాయి. నాలుగు పొగ. అయిదు పాప. పొగ నమోదై పదకొండు నెలలైంది. పాప పుట్టి ఎనిమిది. సీనియారిటీ ప్రకారం పాప అదనం."

సుగుణ కుర్చీ వదల్లేదు. "పొగని తగ్గించీండి. పిల్లనెలా తగ్గిస్తారు?" అంది.

"పొగ శాశ్వత నివాసి అమ్మా. దాని చిరునామా మారిస్తే రెండో దేశానికి తెలియజేయాలి. పాప పేరు ఇంకా ఏ దేశానికీ పంపలేదు." అతను ఈ మాట ఓదార్పుగానే అన్నాడు.

అదనపు మనుషుల కోసం కొండల అవతల ఒక విడిది కట్టారు. అక్కడ గాలి బాగుంటుందని కరపత్రంలో ఉంది. శుక్రవారం ఉదయం తెల్ల వ్యాను వస్తుంది. పేరు మార్చుకోవచ్చు. పాప బదులు ఇంట్లో ఇంకెవరైనా వెళ్ళొచ్చు. తల సంఖ్య సరిపోతే చాలు.

"మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని దాలినాయుడు అడిగాడు.

కామేశ్వరరావు కాగితాలు తిరగేశాడు. "తిరిగి వస్తే మళ్ళీ అదనమే అవుతారు కదండీ" అన్నాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు.

విడిదికి ఆ సరికే ఇరవై ఆరుమంది వెళ్ళారు. వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చాయి. అన్నిట్లోనూ క్షేమం అని ఉంది. చేతిరాత ఒక్కటే. రాముడమ్మ తన మామ రాసిన ఉత్తరం తెచ్చి చూపించింది. "మా మావకి సంతకం కూడా రాదు. కార్డునిండా రాసేడు సూడొదినా. అక్కడ సదువు కూడా సెప్తన్నారు కాబోలు." ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. రాముడమ్మ కూడా నవ్వలేదు. ఉత్తరాన్ని జాకెట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు, బుధవారం, అన్నం తినేటప్పుడు దాలినాయుడు అన్నాడు: "నానెల్తాను."

"నువ్వెల్తే ఫ్యాక్టరీకెవులు ఎల్తారు?" అంది సుగుణ. పనివాడు లేని ఇంటికి ఉచితంగా ఇంకో పొగ ఇస్తారు. అది కరపత్రం వెనక ఉంది.

"నువ్వూ పిల్లా ఎల్లిపోండి."

"ఇద్దరం ఎల్తే ఇంట్లో తల తక్కువైపోద్ది. తలకి తల మావా. ఎల్లేది ఒకలే." ఆమె అన్నం కలుపుతూనే ఉంది, తినలేదు. "నానొక్కదాన్నే ఎల్తే పాలో? పిల్లొక్కత్తే ఎల్తే..." అని ఆగిపోయింది.

ఇంట్లో నాలుగు తలలుంటే మూడింటి గురించి మాట్లాడటం అయిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ కంచాల్లోకి చూశారు. బంగారమ్మ వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండటానికి ఇద్దరూ చాలా కష్టపడ్డారు. పొగ బీరువా పక్కన తన చోట తను ఉంది.

బంగారమ్మ చేట దగ్గరికి లాక్కుంది.

రోజూ ఆమె పూటకి సరిపడా బియ్యమే ఏరుతుంది. ఆ బుధవారం బస్తా మూతి విప్పింది. చేట తర్వాత చేట ఏరి డబ్బాలో పోసింది. గురువారం రెండో డబ్బా నిండింది. కళ్ళు మండుతుంటే కొంగుతో తుడుచుకుని మళ్ళీ వంగేది. పొగలో తెల్ల రాయికీ బియ్యపు గింజకీ తేడా తెలియదు. వేళ్ళతో తడిమి చూసుకునేది. సుగుణ రెండుసార్లు దగ్గరికి వచ్చింది. మొదటిసారి, "అంత బియ్యం ఇప్పుడెందుకత్తా?" అంది. రెండోసారి పాపని ఆమె ఒళ్ళో పెట్టి పక్కన కూర్చుంది. పాప చేటలో చెయ్యి పెట్టి గింజలు చిందరవందర చేసింది. బంగారమ్మ ఆ చేతిని పట్టుకుని కాసేపు వాసన చూసి, చిందిన గింజల్ని ఒక్కొక్కటే ఏరింది.

సాయంత్రం పాప ఆగకుండా దగ్గింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా సన్నగా ఈల వినిపించింది. దాలినాయుడు కిటికీ దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, కొంతసేపు అలాగే నిలబడి, వెనక్కి వచ్చాడు. పొగ ఇంట్లో ఉండగా ఆ గడియ తీస్తే ఫ్యాక్టరీలో గంట మోగుతుంది. కొలిమి దగ్గర నిలబడినప్పుడు ఆ గంట అతను రోజూ వింటాడు. ఏ ఇల్లో కనుక్కోవడానికి మనుషులు పరిగెత్తడం కూడా చూశాడు.

శుక్రవారం ఉదయం బంగారమ్మ గడప పక్కన కూర్చుని చేటలో ఆఖరి గుప్పెడు ఏరుతోంది. బస్తా ఖాళీ అయి గోడ పక్కన మడతపెట్టి ఉంది. ఆరున్నరకి పొగ దిగింది. ఆమె కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. సుగుణ కిటికీ మూసింది గానీ వంటింట్లోకి వెళ్ళలేదు. పొయ్యి ముట్టించలేదు. అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఆ ఇంట్లో ఎవరూ పోలేదు. అయినా పొయ్యి వెలగలేదు. బంగారమ్మ ఒకసారి తలెత్తి వంటింటి వైపు, తర్వాత కోడలి వైపు చూసి, మళ్ళీ చేటలోకి వంగింది.

ఏడింటికి వ్యాను ఆగింది. కామేశ్వరరావు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, తలుపు వెంటనే వేశాడు. వంటింట్లోకి తొంగిచూశాడు.

"పొయ్యి వెలగలేదేం?" అన్నాడు.

అతను మూలకి చూసుకుని, ఫారంలో ఇంట్లో పొగ ఉన్నది అన్నచోట టిక్కు పెట్టాడు. మిగతా గడి ఖాళీగా ఉంది. "ఎవరు?" అన్నాడు.

దాలినాయుడు నోరు తెరిచాడు. ఈ ఒక్క మాట చెప్పడానికి అతను రెండు రోజులుగా తయారవుతున్నాడు. పొగ గొంతుకి అడ్డం పడి దగ్గు వచ్చింది. దగ్గుతూనే తల దించుకున్నాడు.

బంగారమ్మ కూర్చున్నచోట నుంచే బొటనవేలు చాపింది. వేలినిండా బియ్యపు పిండి ఉంది. కామేశ్వరరావు జేబురుమాలుతో ఆ వేలిని తుడిచి, సిరా అంటించి, ఫారం మీద అద్దాడు. తర్వాత కొత్త కార్డు రాసి పైకి చదివాడు. "ఒకటి దాలినాయుడు. రెండు సుగుణ. మూడు పొగ. నాలుగు పాప." కాగితం దాలినాయుడి చేతిలో పెట్టి, "పొగకి ఒక మెట్టు పెరిగింది. ఇంటి పెద్ద అవడానికి ఇంక ఇద్దరే ఉన్నారు" అన్నాడు. అతను ఎగతాళి చేయడం లేదు. కార్డులో అలాగే ఉంది.

బయట వ్యాను హారన్ మోగింది. బంగారమ్మ ఏరిన బియ్యం డబ్బాలో పోసి మూత బిగించింది. చేట దులిపి గోడకి ఆనించింది. రాళ్ళ కుప్పని కాగితంలో పొట్లం కట్టి కొంగున ముడి వేసుకుంది. ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, తడిబట్ట ఆరిపోయి ఉంటే తీసి, మళ్ళీ తడిపి పిండి కప్పింది. పాప నిద్రలో ఈల వేసినట్టు ఊపిరి తీసుకుంది. సుగుణ ఒక అడుగు వేసింది, అగ్గిపెట్టె చేతిలోంచి జారి పుల్లలు నేలనిండా చెల్లాచెదురయ్యాయి. వంగి ఏరడం మొదలుపెట్టింది. తల మాత్రం ఎత్తలేదు.

బంగారమ్మ పుల్లల మీద కాలు పడకుండా నడిచి గడప దాటింది. బయటి నుంచి తలుపు దగ్గరికి లాగి, పొగ బయటికి రాకుండా సందు లేకుండా వేసి, ఒకసారి చేత్తో నొక్కి చూసి వెళ్ళిపోయింది.