అల్లుడు అల్లిన ఏడుపు

సాయంత్రం లోపల ఒక ఏడుపు కథ రాసి పత్రికకు పంపెయ్యాలని జూసుప్ ఆ ఉదయం టీ తాగుతూ నిర్ణయించుకున్నాడు. జిల్లా పత్రిక సంపాదకుడు కదిర్‌బెక్ ముందురోజే ఫోన్‌లో తేల్చి చెప్పాడు: "తమ్ముడూ, నీ కథల్లో అందరూ సుఖంగా ఉంటారు. చదివేవాళ్ళకే సుఖం లేదు. ఒక్కణ్ణైనా చంపు. నాలుగు కన్నీటి బొట్లు రాల్చు. లేదంటే ఆ పేజీలో బంగాళాదుంపల సాగు గురించి వేసుకుంటా."

జూసుప్ ఇల్లరికం అల్లుడు. కొచ్కోర్ లోయలో అలాంటివాణ్ణి 'కుక్కపిల్ల అల్లుడు' అని ముద్దుగా పిలుస్తారు, ఆ ముద్దు పిలిచేవాళ్ళకే. అల్లుడన్నాక ఏదో ఒకటి అల్లాలి గనక అతను కథలు అల్లుతున్నాడు. "కాగితం మీద పాత్రల్ని తెగ తోముతాడు, వంటింట్లో ఒక్కటీ తోమడు" అని మామగారు ఒస్మోనాలి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

ఆ మామగారు దగ్గు తగ్గడానికి ఉప్పు గనిలో కూర్చుని గాలి పీల్చుకుందామని వెళ్ళాడు. వెళుతూ వెళుతూ తన ఎర్ర గుర్రం తోరును అల్లుడికి అప్పగించాడు. "నేనొచ్చేసరికి దీని తోకలో ఒక్క వెంట్రుక తగ్గిందా, నీ పెట్టే బేడా వీధిలో ఉంటాయి" అన్నాడు. కూతురికంటే తోరునే మామగారు ఎక్కువ ముద్దుగా పెంచాడని ఊరంతా అనుకుంటారు. కూతురు సల్కిన్ కూడా అదే అంటుంది.

కథలో మామ పాత్రను చంపడం తేలిగ్గానే అయిపోయింది. ఏడవడమే చేతకాలేదు. ఆ లోయలో తండ్రి పోతే కూతురు గోడవైపు తిరిగి కూర్చుని చావుపాట పాడుతుంది. అది ఆడవాళ్ళ విద్య. సల్కిన్ పాడితే రాయి కూడా ముక్కు చీదుతుందని పేరు.

"సల్కిన్, ఒక్క చావుపాట పాడవూ? నువ్వు పాడుతుంటే రాసుకుంటా."

"ఎవరికి?"

"కథలో మామగారికి."

"నీ నోట్లో మన్ను పడ! మా నాన్న బతికుండగా నన్ను ఏడవమంటావా?"

"మీ నాన్న కాదే తల్లీ. ఈయన పేరే వేరు."

"ఈయనకి దగ్గుందా?"

"...ఉంది."

"గుర్రముందా?"

"ఉంది."

"ఇంకేముంది వేరు!"

జూసుప్ బంగాళాదుంపల సంగతి చెప్పాడు. మొగుడి పేజీలో దుంపలు మొలవడం ఊహించుకుని సల్కిన్ కరిగింది. గోడవైపు తిరిగింది, జుట్టు విప్పింది, గొంతు సవరించుకుంది. కిటికీ మాత్రం మూయలేదు.

పాట రెండో చరణంలో ఉండగానే పక్కింటి బత్మా తన గుమ్మంలోంచి "అయ్యో, ఒస్మోనాలి అన్నా! కొండంత అన్నా!" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆ లోయలో చావుపాట వినపడితే ఎవరూ ప్రశ్నలడగరు. ఏడుస్తూ వస్తారు, అంతే. ఉత్తుత్తిగా పాడేవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు మరి.

జూసుప్ పరమానందపడ్డాడు. తన కథకు దక్కిన మొట్టమొదటి కన్నీరు! రాయడం ఆపలేదు. సల్కిన్ మాత్రం పాట ఆపేసింది. పక్కింటావిడ తన తండ్రి పేరుపెట్టి ఏడుస్తోందంటే గని నుంచి కబురొచ్చి ఉండాలి. ఈసారి నిజంగా ఏడుపెత్తుకుంది. ఆ ఏడుపు విని బత్మాకు ఉన్న అనుమానం కాస్తా పోయింది. ఒకరి ఏడుపు ఇంకొకరికి సాక్ష్యం.

కాసేపట్లో ఊరంతటికీ ఉప్పందింది, ఉప్పు గనిలో ఉన్న మామగారికి తప్ప. పెద్దమనిషి జాపర్ ముందుండి, చావింటి ఆనవాయితీ ప్రకారం వాకిట్లో ఉన్ని గుడారం ఎత్తించాడు. శవాన్ని తీసుకురమ్మని మేనల్లుడికి కారిచ్చి పంపాడు. ఆడవాళ్ళు మూకుడు పెట్టి, వచ్చేవాళ్ళకు పంచే బోర్సోక్ పిండిముద్దలు నూనెలో వేశారు. మగవాళ్ళు కర్రల మీద వాలి, వచ్చేవాళ్ళకు ఎదురేడుస్తూ నిలబడ్డారు. కలం పట్టినవాడి ఇంట కలకలం మొదలైంది.

జూసుప్ కాగితాలు పట్టుకుని బయటికొచ్చాడు. "జాపర్ బాబాయ్, ఇది కథండీ! నేను రాస్తున్న కథ!"

"అవును నాయనా," జాపర్ అతని భుజం తట్టాడు. "మనిషి బతుకంతా కథే."

"అది కాదండీ. మామగారు పోలేదు!"

"ఎలా పోతారు? మన గుండెల్లో ఉంటారు. పాపం, మామంటే ఎంత ప్రాణమో!"

సల్కిన్ దగ్గరికి పరుగెత్తాడు. "ఏడుపాపవే, అది ఉత్త కథే!"

"మా నాన్న పోతే ఇంకా కథంటావా, రాతిగుండెవాడా!" అని ఆమె చేతికందిన దిండు విసిరింది. జూసుప్‌కే అనుమానం పట్టుకుంది. కొంపదీసి నిజంగానే కబురొచ్చిందా? రాసింది జరిగిపోయిందా? గనికి ఫోన్ చేశాడు. భూమి లోపల సిగ్నల్ ఉండదు. మళ్ళీ చేశాడు. మూడోసారి చేయబోతే ఫోన్ టీ గిన్నెలో పడింది.

అప్పుడే పెరట్లో కత్తులు నూరుతున్న చప్పుడు వినిపించింది.

"ఎవరి కోసం బాబాయ్?"

"చుట్టాలకి వండి పెట్టొద్దూ? పోయినాయన గుర్రాన్నే కోస్తే ఆయనకీ గౌరవం. తోరుకేం, బాగా బలిసింది."

జూసుప్ ప్రాణం తోరు తోకలోకి వెళ్ళిపోయింది. మామగారు పోయి ఉంటే సరే. బతికుండి తిరిగొస్తే? వెంట్రుకకే వీధి చూపిస్తానన్న మనిషి గుర్రం మొత్తానికి ఏం చూపిస్తాడు? "కారు వచ్చేదాకా ఆగండి!" అన్నాడు. "అప్పటికి మాంసం ఉడకాలయ్యా" అన్నాడు జాపర్.

జూసుప్ పశువుల కొట్టంలోకి దూకి గుర్రం మెడ కౌగిలించుకున్నాడు. కత్తులతో వచ్చినవాళ్ళు మొహమాటంగా గుమ్మంలో నిలబడ్డారు.

"తప్పుకోండి బావా. మాకూ కష్టంగానే ఉంది."

"తప్పుకుంటాను. ఇది పుట్టిన రోజు సంగతి ఒక్కటి చెప్పి తప్పుకుంటాను," అన్నాడు జూసుప్. ఏం సంగతో అతనికే తెలియదు. "కనుమ మీద మంచు. మామగారి చేతిలో తుపాకీ లేదు, లాంతరు లేదు. ఉన్నదల్లా దగ్గు. తల్లిగుర్రం నొప్పులు పడుతోంది. అంతలో చీకట్లో రెండు కళ్ళు మెరిశాయి."

"తోడేలా?" అన్నాడొకడు.

"చెప్తా. ముందు ఆ చీకటెలాంటిదో వినండి."

ఇన్నేళ్ళూ అతని కథలు కూర్చున్నవాళ్ళను లేపేవి. ఈ కథ నిలబడ్డవాళ్ళను కూర్చోబెట్టింది. కత్తి కదిలినప్పుడల్లా జూసుప్ కథలో మంచుపెళ్ళ విరిగింది, దగ్గు తెర వచ్చింది, కళ్ళు ఒక అడుగు ముందుకు జరిగాయి. చెమటతో చొక్కా తడిసిపోయింది. అందరినీ ఎందుకు సుఖంగా ఉంచకూడదో అప్పటికి బోధపడింది. ఒకడు కత్తి పక్కన పెట్టి తోరు వీపు నిమిరాడు. పరామర్శకు వచ్చిన సంపాదకుడు కదిర్‌బెక్ కూడా గుమ్మంలో ఆగిపోయి, టోపీ చేత్తో పట్టుకుని వింటున్నాడు.

ఈలోగా కారు గని చేరింది. శవం కోసం వెళ్ళిన మేనల్లుడికి ఉప్పుబండ మీద కూర్చుని చదరంగం ఆడుతున్న మామగారు కనిపించాడు. ఈయన బతికే ఉన్నాడంటే పోయింది ఇంట్లో ఇంకెవరో అనుకున్నాడు. చావుకబురు మొహమ్మీద చెప్పడం ఆ లోయలో మర్యాద కాదు. "ఇంటికి రమ్మన్నారు" అని దారంతా నోరు మూసుకున్నాడు. ఆ మౌనంలోనే ముసలాయనకు సగం అర్థమైంది. వాకిట్లో గుడారం కనపడగానే మిగతా సగం అర్థమైంది. కూతురు లోపల ఏడుస్తోంది. కర్రల మీద వాలిన మగవాళ్ళ వరుసలో అల్లుడు లేడు.

కారు దిగి, చేతులు చాచి, గొంతెత్తాడు:

"అయ్యో అల్లుడా! బంగారుకొండా! నీలాంటివాణ్ణి ఎక్కడ వెతకనురా! నీ కథలన్నీ దొంగచాటుగా చదివానురా! ఒక్కసారి బాగుందని చెప్పలేకపోయానురా!"

కర్రలు జారిపోయాయి. బత్మా కళ్ళు తిరిగి బోర్సోక్ పళ్ళెంలో పడింది. కొట్టంలో జూసుప్ కథ ఆపేశాడు. గొంతు గుర్తుపట్టాడు, మాటలు గుర్తుపట్టలేకపోయాడు. కళ్ళనీళ్ళతో గుర్రాన్ని నడిపించుకుంటూ బయటికొచ్చాడు.

మామగారి ఏడుపు మధ్యలో తెగింది. "నువ్వు చావలేదా?"

"పోయింది మీరు కదా మామయ్యా!"

"ఎవర్రా అన్నది?"

సల్కిన్ బత్మాను చూపించింది. బత్మా సల్కిన్‌ను చూపించింది. తర్వాత ఇద్దరూ కలిసి జూసుప్‌ను చూపించారు. మామగారు తోరు వెనక్కి వెళ్ళి తోక వేళ్ళతో దువ్వి చూసుకున్నాడు. వెంట్రుకలు సరిగ్గానే ఉన్నట్టున్నాయి. "వేయించిన పిండి పారెయ్యకండి. ఒక పొట్టేల్ని కొయ్యండి. బతికొచ్చానుగా, విందు పెడతా," అన్నాడు. జనం గుడారంలోనే పీటలు వేసుకున్నారు.

"అదంతా సరే బావా," కత్తివాళ్ళలో ఒకడు జూసుప్ చొక్కా పట్టుకుని లాగాడు. "ఆ కళ్ళెవరివి?"

"నిజం చెప్పనా? నాకూ తెలీదు."

మర్నాడు టీ దగ్గర జూసుప్ ధైర్యం చేశాడు. "మామయ్యా, నిన్న నన్ను బంగారుకొండ అన్నారు."

"చచ్చావనుకున్నాను," అన్నాడు మామగారు. "వెళ్ళి గిన్నెలు తోము."

జరిగిందంతా జూసుప్ ఉన్నదున్నట్టు రాసి పంపాడు. కదిర్‌బెక్ ఒక్క మార్పు మాత్రం చేసి అచ్చువేశాడు: చివర్లో అల్లుణ్ణి చంపేశాడు, బతికున్న అల్లుణ్ణి మామ పొగిడాడంటే పాఠకులు నమ్మరని.