పది గంటల బస్సుకి పడిన తాళం

ఇంజనీరు బూట్ల లేసులు బిగించుకుని లేచేసరికి భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"పది గంటల బస్సుకి నా టికెట్టు ఏం చేశారు?"

"ఆఫీసుకెళ్ళగానే తీస్తాగా. బస్సు టికెట్లమ్మే కంపెనీ ఇంజనీరు పెళ్ళానివి, నీకు సీటుకి కొదవా?"

"పోయినసారీ ఇదే కబురు. డ్రైవరు పక్కన ఇంజను మీద కూర్చుని వెళ్ళాను. ఇవాళ మా చెల్లి కొత్తింట్లో దిగుతోంది. కిటికీ పక్క సీటు లేకపోతే వచ్చి మీ ఆఫీసులోనే కూర్చుంటాను, చూసుకోండి."

అతను నవ్వేసి బయటపడ్డాడు. వీధి మలుపు తిరిగేలోపే టికెట్టు మాట బుర్రలోంచి జారిపోయింది. ఆ రోజు అతను కనిపెట్టిన కొత్త పద్ధతి అమల్లోకి వస్తోంది మరి. నెగ్గితే చీఫ్ ఇంజనీరు. తప్పితే ఇంటికే అని మేనేజరు ముందే చెప్పాడు.

పద్ధతి చిన్నదే. తాళాలు అతను ఇదివరకే పెట్టాడు. ఎవరైనా ఒక బస్సులో సీటు ఎంచుకుంటే, అదే సీటు ఇంకొకరికి అమ్ముడుపోకుండా కంప్యూటరు ఆ బస్సు సీట్ల చార్టుకి తాళం వేస్తుంది. వాళ్ళు డబ్బు కట్టి బయటికొస్తేనే తాళం ఊడుతుంది. అందాకా వెనకవాళ్ళు వరుసలో నిలబడాలి. డబ్బు కట్టే చోట అన్ని బస్సులకీ కలిపి ఇంకో వరుస. ఇన్నాళ్ళూ ఈ వరుసల్లో ముందొచ్చినవాళ్ళదే ముందు. ఇకనుంచి ముఖ్యమైనవాళ్ళది ముందు. ఈ గొడవ వల్లే ఆఫీసంతా అతన్ని 'తాళాలు' అని పిలిచేది.

మేనేజరు స్వహస్తాలతో మీట నొక్కాడు. చప్పట్లు ఆగకముందే చైర్మన్ ఫోను.

"మా అత్తగారు పది గంటల బస్సుకి వెళ్తానంటున్నారు. టికెట్టు తెగట్లేదు! వారం ఉంటానని వచ్చి నెలైందయ్యా. ఇవాళ ఆవిడ కదలకపోతే ఇంట్లోంచి నేను కదలాలి."

మేనేజరు ఇంజనీరు మీద పడ్డాడు. "ఏమయ్యా తాళాలూ! చైర్మన్ గారి అత్తగారు ముఖ్యం కాకపోతే ఇంకెవరు ముఖ్యం?"

"ముఖ్యంలోనే పెట్టాను సార్."

"అది చాల్లేదన్నమాట. 'అతిముఖ్యం' పెట్టు."

పెట్టాడు. టికెట్టు తెగలేదు. ఇంతలో ఫిర్యాదుల ఫోన్లెత్తే అక్క పరిగెత్తుకొచ్చింది. "ఆ బస్సుకి ఒక్క టికెట్టూ తెగట్లేదు సార్! జనం తిడుతున్నారు, నా చెవులు చిల్లులు పడుతున్నాయి."

"తిట్టినవాళ్ళందర్నీ ముఖ్యం చెయ్యండి," అన్నాడు మేనేజరు.

తిడితే ముఖ్యులవుతారని తెలిసి మిగతా బస్సుల వాళ్ళూ తిట్టారు. వాళ్ళూ ముఖ్యులయ్యారు. అతిముఖ్యం నిండిపోతే 'పరమముఖ్యం' పుట్టింది. అదీ నిండాక మేనేజరు కాసేపు ఆలోచించి 'ప్రాణాంతకం' అన్నాడు. మిగతా బస్సులు నిండుతున్నాయి. పది గంటల బస్సు మాత్రం ఖాళీగా, తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. చైర్మన్ గొంతు ఫోనులో సన్నబడిపోతోంది.

ఇంజనీరు చెమట తుడుచుకుని తెరలోకి తొంగిచూశాడు.

"దొరికింది సార్. మనం మీట నొక్కకముందే ఎవరో ఒకావిడ సీటు ఎంచుకుని తాళం వేసుకుంది. ఆవిడ 'సామాన్యం'. డబ్బు కట్టబోయినప్పుడల్లా వేరే బస్సు ముఖ్యులెవరో అడ్డం దూరుతున్నారు. ఆవిడ కడితేగానీ తాళం ఊడదు. మనం ముఖ్యుల్ని పెంచినకొద్దీ ఆవిడ వెనక్కి పోతోంది."

"అయితే ఆవిణ్ణి తీసి పారెయ్!"

"సీటు పోతుంది సార్. ఒక మాట అడగడం మర్యాద."

అక్క ఆ నంబరుకి ఫోను కలిపి అందరికీ వినబడేలా పెట్టింది. "అమ్మా, బస్సు ఆఫీసు నుంచి. మీ బుకింగు ఒక్కసారి రద్దు చేసుకుంటే..."

"ఎందుకు చేసుకోవాలి? మా ఆయన ఎలాగూ మర్చిపోతాడని, ఆయనిలా గడప దాటగానే కూర్చున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. దేవుడొచ్చి చెప్పినా వదలను!"

ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరయ్యా ఈ మహాతల్లి?"

"మా... మా ఇంటావిడ సార్."

"ఏమండీ, మీరేనా?" అంది ఫోను. "టికెట్టు తీశారా?"

గదిలో ఉన్నవాళ్ళంతా సీలింగు ఫ్యాను వంక చూశారు.

"నీ పెళ్ళాన్ని నువ్వే కదిలించు," అన్నాడు మేనేజరు పళ్ళ బిగువున.

"పెళ్ళైనప్పట్నుంచీ ప్రయత్నిస్తున్నాను సార్, నా వల్ల కావట్లేదు. ఆవిణ్ణి వెనక్కి లాగలేం, ముందుకి పంపడమే."

ముఖ్యాలన్నీ చెరిపేసి కొత్త నియమం రాశాడు: ఎవరి వెనక ఎక్కువమంది ఆగిపోయి ఉన్నారో వాళ్ళదే ముందు. మరుక్షణం భార్య టికెట్టు తెగింది. తాళం ఊడింది. చైర్మన్ గారి అత్తగారికి, ఆవిడ వెనక అందరికీ టపటపా టికెట్లు తెగాయి. బస్సు నిండుగా, వేళకే కదిలింది.

"వెళ్ళిపోయారయ్యా!" చైర్మన్ గొంతు ఆనందంతో వణికింది. "ఆ తాళాలెవరో, చీఫ్‌ని చేసెయ్యండి!"

మధ్యాహ్నం భార్య ఫోను చేసింది. "సీటు బాగుందండీ. పక్కన ఒక పెద్దావిడ. అల్లుడు బంగారమట. గుమ్మం దాకా వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. అంత ప్రేమ ఉంటే వచ్చే వారమే తిరిగి వెళ్ళిపోండి పిన్నిగారూ అని నేనే నచ్చజెప్పాను. సరేనన్నారు."

చీఫ్ ఇంజనీరు ఫోను పెట్టేసి, 'సామాన్యం' వరుసని మళ్ళీ తెరిచి, తిరుగు బస్సుకి అందులో చైర్మన్ గారి అత్తగారొక్కరినే నిలబెట్టాడు.